నాయన పటం మీద సమీక్ష

నేను బొమ్మలు వేయను, వేసినవాళ్ళ మీద రాస్తాను. హైదరాబాదు, చెన్నై మ్యూజియాల నుంచి ఫంక్షన్ హాల్లో తాళ్ళు కట్టి వేలాడదీసే ప్రదర్శనల దాకా తిరిగి, ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి సమీక్షలు రాయడం నా పని. నచ్చకపోతే నచ్చలేదని రాసేసి, తర్వాత వచ్చే తిట్లు హాయిగా తింటాను. అలాంటి నన్ను మార్కాపురంలో ఒక చిన్న ప్రదర్శన తికమక పెట్టింది.

ఆ చిత్రకారుడు ఒకప్పుడు గిద్దలూరు నుంచి దొనకొండ దాకా దుకాణాల బోర్డులు రాసినవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక చనిపోయినవాళ్ళ పటాలు వేయడం మొదలుపెట్టాడు. ఫోటో ఉంటే చూసి వేస్తాడు. మా వైపు పాతవాళ్ళలో చాలామందికి ఫోటోలే లేవు. అప్పుడు ఆ ఇంటికి వెళ్ళి, పిల్లల్నీ మనవళ్ళనీ వరసగా కూర్చోబెట్టి, పోయినాయన ముక్కు ఎవరికి వచ్చింది, నుదురు ఎవరికి వచ్చింది అని ఇంటిల్లిపాదినీ అడుగుతాడు. తలా కొంచెం తీసుకుని ఒక ముఖం కడతాడు. ఆ పటాలన్నీ ఇళ్ళవాళ్ళను అడిగి తెచ్చి హాల్లో పెట్టాడు. వాటిలో మా నాయన పటమూ ఉంది. బేస్తవారిపేటలో ఉండే మా అక్క వేయించింది. ప్రదర్శన అయ్యాక ఇంటికి తీసుకుపోదామని తనూ వచ్చింది.

గుమ్మం బయట చెప్పుల గుట్ట చూడగానే నా అయోమయం మొదలైంది. లోపల ఒకామె తన మామ పటానికి చామంతి దండ వేసి, దండం పెట్టుకుని, పక్క పటానికి కూడా ఒక పువ్వు పెట్టింది. ఆ పక్కాయన ఎవరో ఆమెకు తెలియదు, బోసిగా వదిలేస్తే బాగుండదని పెట్టిందట. నేను సమీక్షకు వచ్చానా, తద్దినానికి వచ్చానా? చెప్పులు విప్పాలా, వద్దా? విప్పాను. మ్యూజియంలో నవాబుల బొమ్మల ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో, వాళ్ళు నిజంగా అలాగే ఉండేవాళ్ళా అని ఒక్కసారీ అనుకోలేదు. వెలుగు ఎటు నుంచి పడిందో, కుంచె ఎక్కడ తడబడిందో చూసుకుని వచ్చేశాను. ఇక్కడ వచ్చినవాళ్ళందరూ అడుగుతున్నది ఒకటే, పోలిక వచ్చిందా లేదా అని. ఆ లెక్కన చూస్తే నేను నేర్చుకున్నదంతా గంగలో కలిసినట్టే. ఆ లెక్క వద్దంటే ఇక్కడ చూడ్డానికి ఇంకేముందో నాకు అంతుపట్టలేదు.

నాయన పటం దగ్గరికి వచ్చేసరికి నేనూ అదే చూశాను. పోలిక రాలేదు. ఆయన పోయేనాటికి నేను బడికి కూడా పోని పిల్లను. అయినా ముఖం నాకు బాగా గుర్తు. వెడల్పు దవడ, ఎడమ చెవి కింద కందిగింజంత పుట్టుమచ్చ. మా మందలోని జీవాలను దోర్నాల అడవి వైపు తోలుకుపోతుంటే ఆయన భుజాల మీద కూర్చుని ఆ మచ్చను వేలితో నొక్కుతూ ఉండేదాన్ని. పటంలో మచ్చ లేదు. దవడ కోలగా ఉంది. పైగా అది నా దవడే. అక్క తన ఫోన్లో నా ఫోటో చూపించి అదే పెట్టించిందట. నాకు ఒళ్ళు మండింది. నాయనకు మిగిలే ఒక్క పటం, అదీ తప్పు పటం కాబోతోంది. రేపు మా పిల్లలు ఎవరినో చూసి తాతా అని దండం పెట్టాలి.

చిత్రకారుడిని పిలిచి మచ్చ సంగతీ దవడ సంగతీ చెప్పాను. చెప్తే మారుస్తాననీ, అక్కను కూడా ఒక మాట అడగమనీ అన్నాడు. పక్కనే ఉన్న అక్క అప్పటికే నన్ను వింతగా చూస్తోంది.

"ఆ మచ్చ నాయనది కాదు మే. బాబాయిది."

నాకు ఊహ తెలిసేసరికే నాయన మంచాన పడ్డాడట. నన్ను భుజాన వేసుకుని తిరిగింది ఆయన తమ్ముడట. పెళ్ళీ పిల్లలూ లేని బాబాయి, నాయన పోయిన కొన్నాళ్ళకే, నేను బడిలో చేరకముందే ఆయనా పోయాడు. ఆయన ఫోటో కూడా లేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అక్క మీద అరిచినంత పని చేశాను. నువ్వెప్పుడు అడిగినావని అంది. నిజమే, తెలుసనుకున్నదాన్ని ఎవరడుగుతారు? ఇన్నేళ్ళుగా నాయనా అనుకుని తలుచుకున్నది బాబాయినా? అయితే నాయన నాకు లేనే లేడా? పరాయివాళ్ళ బొమ్మల్లో తప్పులు పట్టే నాకు కన్నతండ్రి ముఖమే తెలియదు. ఏడుపొచ్చింది. సమీక్ష మాట దేవుడెరుగు, ఏ పటం ముందు నిలబడాలో కూడా తోచలేదు.

చిత్రకారుడు స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టాడు. అట్టకు కాగితం పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"మీకు అగపడే ముఖం చెప్పండమ్మా. ఎవరిదైతే ఏంది, గీస్తా."

కళ్ళు మూసుకుని చెప్పాను. దవడ చెప్పాను, మచ్చ చెప్పాను, చెవులు చెప్పాను. ఒక్కొక్కటి గీసేకొద్దీ అక్క బాబాయే, బాబాయే అంటూ వచ్చింది. తర్వాత కళ్ళు చెప్పాను. పెద్దవి, బాగా లోపలికి పోయినవి, కుడి రెప్ప కొంచెం వాలినట్టు ఉంటుందని. పెన్సిలు చప్పుడు ఆగింది.

కళ్ళు తెరిచి చూస్తే అక్క ఆ కాగితం మీదికి వంగి ఉంది. బాబాయివి చిన్న కళ్ళని మెల్లగా చెప్పింది. పటం వేసేటప్పుడు కళ్ళ దగ్గరే తనకేమీ గుర్తు రాలేదట. ఇంట్లో ఎవరికీ ఆ కళ్ళు రాలేదు కాబట్టి చిత్రకారుడు తనకు తోచినవి పెట్టాడట. చెప్తూ చెప్తూ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇవి నాయన కండ్లు. మంచంలో పండుకోని, నువ్వు ఆడుకుంటాంటే ఇట్లనే చూస్తా ఉండినాడు. అన్నా, ఈ కండ్లు ఆ పటంలో పెట్టు."