చేతితో ఎక్కించిన బోల్టులు

మా పెద్దబాపు పోయిన మూడో రోజు, పిట్టకు ముద్ద పెట్టి అందరూ ఇంటికి తిరిగొచ్చేసరికి నేను ఆయన జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. అది చూసి మా అన్న విసిరిన మాట ఇప్పటికి చుట్టాలందరి ఇళ్లూ తిరిగొచ్చింది. "కండ్లల్ల నీళ్లు రాలే గని, దీని కన్ను బండి మీద పడ్డది." నేను మూడు ఉద్యోగాలు మానేసినప్పుడు నాకు ఓపిక లేదని తేల్చింది కూడా మా ఇంట్లోవాళ్లే. పెద్దబాపు ఒక్కడే అప్పుడు నవ్వి, "దానికి ఓపిక ఉన్నది. చేతిల పనే లేదు" అన్నాడు.

కబురు వచ్చిన పొద్దున నేను జనగామలో ఉన్నాను. పెద్దమ్మ గొంతు మామూలుగానే ఉంది. "బిడ్డా, మీ పెద్దబాపు చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. దవాఖాన దాకా గూడ పోలే." ఆ మాటల తర్వాత మహబూబాబాద్ రైలెక్కడం, అక్కడ గూడూరు బస్సు పట్టుకోవడం, ఏవీ నాకు సరిగా గుర్తు లేవు.

ఆయన మా బాపుకు అన్న, పిల్లల్లేరు. పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. అయినా అడవి అంచు తండాల నుంచి ఫోను వస్తే కంచంలో ముద్ద వదిలేసి లేచేవాడు. ఆ బాటల నిండా తేలిన రాళ్లు. ఒక వానాకాలం రాయి తగిలి జీపు ఇంజను కింద నూనె ఉండే చాంబర్ పగిలింది. బండి అడవిలోనే ఆగింది. నడిచి తండా చేరేసరికి, ఈనలేక ఆవు చనిపోయింది. "నువ్వేం జేస్తవు సారూ" అంటూ ఆ ఇంటి అవ్వ ఆయనకే మంచినీళ్లిచ్చిందట. ఆ చెంబెడు నీళ్ల సంగతి చెప్పిన ప్రతిసారీ తల వంచుకునేవాడు.

ఆ వారమే నాకు ఫోను చేశాడు. "చాంబరుకు కింద ఇనుప ప్లేటు కడదాం, వస్తవా?"

వాకిట్లోనే పని. పాత ట్రాక్టరు ట్రాలీ తలుపు రేకే మా ప్లేటు. జాకీతో జీపును లేపాక, నాలుగు తుమ్మ మొద్దులు పెట్టందే నన్ను కిందికి దూరనివ్వలేదు. "జాకీ మనిషసొంటిది. ఎప్పుడు అలిసిపోతదో చెప్పది" అన్నాడు. రంధ్రాలు ఎక్కడ పడాలో తెలియడానికి జీపు అడుగు చట్రం మీద ఉన్న బోల్టుల తలలకు తడిపసుపు పూయించాడు. మందుల అట్టపెట్టె విప్పి, కింది నుంచి అదిమాం. అట్ట మీద ఆరు పసుపు బొట్లు పడ్డాయి, రేకుకు రంధ్రాలు అక్కడే కొట్టాం. పసుపు డబ్బా కోసం వెతుక్కుంటూ వచ్చిన పెద్దమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఏంది, బండికి లగ్గం జేస్తున్రా ఇద్దరు?"

"పిలగాడు దొరికిండు, ట్రాలీ తలుపు. జర కూర సంగతి చూడు" అన్నాడు పెద్దబాపు.

నేను మొదటి బోల్టునే పానాతో బిగించేశాను. ఆరోదాని రంధ్రం వేలి మందం పక్కకు పోయింది. ఆయన కోప్పడలేదు, అన్నీ విప్పించాడు. "ఒక్కదాన్ని గట్టిగ పట్టుకుంటే మిగిలినయి అలిగి కూసుంటయి. ముందు అన్నిటిని చేతితోని ఎక్కియ్యి. పానా ఆఖర్ల." ఈ మాట మా ఇంట్లో చాలామందికి చెప్పాలనిపిస్తుంది నాకు.

ఆ ప్లేటుతో మేం చేసిన తప్పు మీకు చెప్పాలి. మా దిక్కు ఉలవలు కోశాక రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. పక్క నుంచి పోవడానికి దారి ఉన్నా పెద్దబాపు కావాలనే దాని మీదుగా మెల్లగా పోనిచ్చేవాడు. ఒకరోజు అలా పోయిన కాసేపటికి సీటు కింద నుంచి పొగ వచ్చింది. ఎండు ఉలవ కాడ ప్లేటుకూ వేడెక్కిన సైలెన్సరు గొట్టానికీ మధ్య ఇరుక్కుని అంటుకుంది. మంచినీళ్లు అయిపోతే పెద్దమ్మ కట్టిచ్చిన మజ్జిగ కూడా పోశాం. ఇంటికి చేరేదాకా కాలిన మజ్జిగ వాసనే.

"తప్పు నాదే బిడ్డా. రాయిని యాది పెట్టుకున్న, గడ్డిని మరిచిన" అన్నాడు. మర్నాడే ప్లేటుకు పొడుగాటి సందులు కోయించాడు. ఆ తర్వాత ఉలవలు కోసే రోజులు వస్తే ప్లేటు దించి తుడవడం మా ఇద్దరి పని అయింది.

పోవడానికి వారం ముందు ఫోను చేశాడు. "పొట్టు మస్తు పేరుకున్నది. దించి తుడిచిన. బోల్టులు చేతితోని ఎక్కిచ్చి పెట్టిన. ఐతారం నువ్వొస్తే పానా పెడదాం." వస్తానన్నాను. వెళ్లలేదు. కారణం చెప్పుకోదగ్గది కాదు, బద్ధకం. ఆ తర్వాతి మంగళవారం ఆయన పోయాడు.

మూడో రోజు ఘనపూర్ నుంచి జీపు కొనడానికి ఒకతన్ని రమ్మన్నాడు అన్న. నచ్చితే వెంటనే నడుపుకుంటూ పోతాడు. బిగించని ప్లేటు దారిలో ఊడి పడుతుంది. అందుకే కింద దూరాను. అంతకుముందు తుమ్మ మొద్దులు పెట్టాను.

ఆరు బోల్టులూ అలాగే ఉన్నాయి, చేతితో తిప్పినంత మేరకు. ఐదింటిని బిగించాను. ఆరోదాని తల మీద గ్రీజులో ఆయన బొటనవేలి ముద్ర ఉంది, గీతలతో సహా. పానా పెడితే చెరిగిపోతుంది. వదిలేస్తే రాళ్ల బాటలో మొదట వదులయ్యేది అదే. చాలాసేపు చూశాను. పైన అన్న మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. తర్వాత బిగించాను. బయటికొచ్చి చూస్తే ఆ గ్రీజు నా పానాకు అంటి ఉంది.

లోపల ఆయన ఫోను మోగుతోంది. పెద్దమ్మ ఎత్తింది. "సారు లేడు బిడ్డా" అంది. అటు నుంచి ఏమన్నారో, చాలాసేపు విన్నది. తర్వాత బయటికి వచ్చి, అందరి ముందూ తాళం నా చేతిలో పెట్టింది. "తండాల బర్రె లేస్తలేదంట. పశువుల దవాఖాన డాక్టరమ్మను తోలుకపో."

ఘనపూర్ అతను చాయ్ తాగి బస్సులో పోయాడు. అన్న నాతో మాట్లాడటం లేదు. నాకు వైద్యం రాదు, బండి నడపడం వచ్చు. జీపు అమ్మడం లేదు. నేను గూడూరులోనే ఉంటున్నాను.