పౌడర్ డబ్బా మిస్త్రీ

ఆ రోజుల్లో కామారెడ్డి బస్టాండు వెనక ఒక కారు మిస్త్రీ ఉండేవాడు. ఆయన దగ్గర గ్రీజు వాసనతో పాటు ముఖానికి రాసుకునే పౌడర్ వాసన వచ్చేది. ఎందుకో నాకు అంతుపట్టలేదు, నా పాత కారు ఆయన చేతికి చిక్కేదాకా.

ఎల్లారెడ్డి బడికి రోజూ ఆ కారులోనే పోయి పాఠాలు చెప్పేవాణ్ణి. ఇంజను కింద ఆయిల్ చుక్కలు పడుతూనే ఉండేవి. దారిలో ఇంజను పట్టేస్తుందేమోనని ఒకటే భయం. ఇంజను అడుగు మూతకు వేసే ప్యాకింగు రెండుసార్లు మార్పించినా కారడం ఆగలేదని మిస్త్రీకి చెప్పాను.

"చుక్క కింద పడ్డదంటే కిందనే కారుతున్నట్టా సార్?" అన్నాడాయన. ఇంజనును కిరసనాయిలుతో కడిగి ఆరనిచ్చాడు. పనిముట్ల పెట్టెలోంచి పౌడర్ డబ్బా తీసి ఇంజను మీదంతా చల్లాడు.

"తాడ్వాయి దాకా పోయి రాండ్రి."

తిరిగొచ్చి బానెట్ ఎత్తితే, తెల్లటి పౌడర్‌లో ఒకే ఒక్క నల్లటి తడి గీత! ఇంజను పైమూత వెనక అంచు నుంచి కిందికి దిగుతోంది. ఆయన మూత విప్పి అంచును వేలితో తడిమాడు. రేకు వంగిపోయి ఉంది.

"ఎవరో మస్తు భయపడి బిగించిండ్రు."

చుక్క కనిపించినప్పుడల్లా పానా పట్టుకుని ఆ పైమూత బోల్టులు ఇంకొంచెం బిగించింది నేనే. నా చేతికి అందేవి అవే మరి.

రేకు సాపు చేసి, కొత్త ప్యాకింగు పెట్టాక, ఆయన పానా తెచ్చి నా చేతిలోనే పెట్టాడు.

"ఈసారి రెండు వేళ్లతోనే తిప్పుండ్రి సార్."