డేగ బొమ్మ కింద డేగ

బన్ గప్సున్‌కు పిట్టలంటే ప్రేమేమీ లేదు. ఎండబెట్టిన మిరపకాయల జోలికొస్తే చీపురు పుచ్చుకుని తరిమే మనిషి. చంగ్జూ ఊరి చివర, పెద్ద రోడ్డు పక్కన లేచిన అపార్ట్‌మెంట్ల కింద ఆమెకు వండిన కూరలు అమ్మే చిన్న దుకాణం ఉంది. కిమ్చీ అనే ముల్లంగి ఊరగాయ, వేయించిన చిరుచేపలు పెట్టేది. అరవై దాటినా నోటి దురుసు తగ్గలేదు.

రోడ్డు రొద వినపడకుండా అపార్ట్‌మెంట్ల వాళ్లు దుకాణం వెనక రెండంతస్తుల ఎత్తున గాజుగోడ కట్టించారు. లోపలి వైపు అందానికి ఎర్రపళ్ల చెట్లు నాటారు. అవతల కొండ. పళ్లు పండగానే కొండ మీది పిట్టలు గుంపులుగా దిగేవి. మధ్యలో గోడ ఉందని వాటికెవరు చెబుతారు?

ఒకనాడు గప్సున్ పెరట్లో క్యాబేజీకి ఉప్పు పట్టిస్తోంది. తలపైన గాజుకు టప్పుమని ఏదో తగిలిన చప్పుడు. పికిలిపిట్ట ఒకటి వచ్చి సరిగ్గా తొట్టిలో పడింది. తెల్లటి ఆకుల మీద నెత్తురు.

"ఛీ! నా సరుకంతా పాడు చేసింది!" అని కాలు పట్టుకుని ఎత్తింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ముక్కున ఎర్రపండు ఉంది, నలగనైనా లేదు. తొట్టెడు క్యాబేజీ పారబోసి, ఆమె నేరుగా నివాసుల సంఘం ఛైర్మన్, మా దొక్సు అనే ఆయన దగ్గరికి వెళ్లింది.

"డేగ బొమ్మలు తెప్పిస్తున్నాం గప్సున్ గారూ. వాటిని చూస్తే పిట్టలు హడలిపోతాయి" అన్నాడాయన నవ్వుతూ.

గోడకు అక్కడొకటి ఇక్కడొకటిగా నల్లటి డేగ బొమ్మలు అంటించారు. పిట్టలు బొమ్మల నడుమ నుంచి వచ్చి గుద్దుకుని రాలాయి. కొన్నాళ్లకు, పొద్దున్నే చెత్త పారేయబోయిన గప్సున్ ఒక బొమ్మ కింద నిజం డేగే మెడ విరిగి పడి ఉండటం చూసింది.

"పాపం, చుట్టాన్ని పలకరించడానికొచ్చినట్టుంది" అన్నాడు వెనకే వచ్చిన ఆమె భర్త జొంగిల్.

"నోరు ముయ్యండి."

అంతలో ఛైర్మన్ ఊడ్చే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. "త్వరగా కానీ. ఇల్లు చూసుకోడానికి జనం వస్తారు" అన్నాడు. డేగ రెక్క సంచిలో పట్టక బయటికి పొడుచుకొచ్చింది. ఆయన బూటు మొనతో దాన్ని లోపలికి తొక్కి, ఆ బూటును గడ్డికి రాసి తుడుచుకున్నాడు. గప్సున్ ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు నిచ్చెన వేయించింది. అరచేయి కన్నా ఎక్కువ సందుంటే పిట్ట అందులోంచి దూరబోతుందని టీవీలో ఎవరో చెప్పగా విన్నది. ముల్లంగిని అడ్డంగా కోసి, తెల్ల రంగులో ముంచి, గాజు మీద బెత్తెడు దూరాన ఒక్కో చుక్క అద్దింది. జొంగిల్ కింద నిచ్చెన పట్టుకుని "పడితే నీకూ ఇక్కడే సంచి" అని గొణిగాడు. చేయి అందిన మేర చుక్కలు పెట్టింది. ఛైర్మన్ తుడిపించాడు. మళ్లీ పెట్టింది. సంఘం మీటింగుకు పిలిచారు.

"గోడకు గజ్జి పట్టినట్టుంది. ఇళ్ల ధర పడిపోతుంది" అన్నారొకరు.

"రోజూ నా పెరట్లో పిట్టల శవాలు ఏరుతున్నది నేను. మీలో ఒక్కరు, ఒక్క పొద్దున వచ్చి ఏరండి. అప్పుడు నా చేత్తోనే తుడిచేస్తాను" అంది గప్సున్.

ఒకావిడ కమలాపండు తొనలు వలుచుకుంటూ కూర్చుంది. చివరికి చేతులెత్తి ఓటేసి తేల్చారు: దుకాణం వెనక భాగం పెద్ద గేటు నుంచి కనపడదు కాబట్టి అక్కడి చుక్కలు ఉండనివ్వాలి, తక్కిన గోడ ఉన్నట్టే ఉండాలి, రాలిన పిట్టల్ని తెల్లవారకముందే ఊడ్చేయాలి.

చుక్కలున్న చోట పిట్టలు రాలడం ఆగింది. పైనా, పక్కనా ఆగలేదు.

చలి మొదలయ్యాక ఛైర్మన్ భార్య ముల్లంగి కిమ్చీ కోసం వచ్చింది. "మీ వెనక వైపు ఎంత శుభ్రంగా ఉందో వదినా! అదృష్టవంతులు" అంది.

గప్సున్ డబ్బా మూత పెట్టేసింది. "మీకు కిమ్చీ లేదు."

"అదేంటి, ఎదురుగా ఇంత పెట్టుకుని?"

"ఉంది. మీకు లేదు."

ఆవిడ గొణుక్కుంటూ వెళ్లిపోయాక గప్సున్ పెరట్లోకి పోయి, కాలవలో కాండ్రించి ఉమ్మి, నోరు రెండుసార్లు పుక్కిలించింది.