అచ్చు అరిగిందా, తప్పిందా

నాకు నాణేల పిచ్చి ఉందని తెలిసిన మా రూమ్మేట్ నర్సింగ్, పొద్దున అమీర్‌పేటలో టిఫిన్ తింటూ, చిల్లరలో వచ్చిన ఐదు రూపాయల బిళ్ళ నా ముందు పెట్టాడు. అంకె సగం మసకబారి ఉంది.

"అన్నా, గిది తయారీల జరిగిన తప్పు. మస్తు రేటు వస్తది."

"తప్పు కాదురా. టంకశాలలో నాణేలు కొట్టీ కొట్టీ అచ్చే అరిగిపోయింది. ఇలాంటివి సంచుల కొద్దీ ఉంటాయి, ఎవరూ కొనరు. ఒక్క బిళ్ళకే జరిగితే అదీ అసలు తప్పు."

"అంటే మన కోచింగ్ సెంటరోళ్ళు ఇచ్చిన రెజ్యూమె లెక్క," అన్నాడు దిగులుగా.

నిజమే. బ్యాచ్ మొత్తానికీ అదే ప్రాజెక్టు, అవే వాక్యాలు. అందుకే ఎవరికీ పిలుపు రావడం లేదు.

సాయంత్రం పంజాగుట్టలోని ఒక కంపెనీ నుంచి వాడొక్కడికే ఫోన్ వచ్చింది. "సాఫ్ట్‌వేర్ రుచి చూసేది మీరేనాండీ?" అని నవ్వి, రేపు ఇంటర్వ్యూకి రమ్మన్నారట. రెజ్యూమె తీసి చూశాను. అందరికీ 'టెస్టింగ్' అని ఉన్నచోట, నెట్ సెంటర్లో వీడు సొంతంగా కొట్టుకున్న కాపీలో 'టేస్టింగ్' అని పడింది.

ఇప్పుడు దాన్ని దిద్దాలా వద్దా అని అడుగుతున్నాడు. మీరేమంటారు? అసలు తప్పు దొరికితే తోమి పాడుచేయకూడదన్నది మా నాణేల వాళ్ళ నియమం.