నాలుగు వేళ్లు తక్కువైన దారం

ఎనిమిదో నెల పడి మూడు రోజులైంది. పొద్దున గొర్రెల దొడ్డి ఊడ్చి వచ్చి చేతులు కడుక్కుంటుంటే మా అత్త పిలిచింది.

"బాలమణీ, ఇటు రా. కొలుస్త."

ఆమె చేతిలో నల్ల ఉన్ని దారం ఉంది. నేను గుంజకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఆమె దారాన్ని నా నడుము వెనక నుంచి తెచ్చి బొడ్డు మీద కలపబోయింది. రెండు కొసలు కలవలేదు. మధ్యలో నాలుగు వేళ్లు పట్టేంత సందు మిగిలింది.

"జర ఊపిరి విడువు" అంది. విడిచాను. మళ్లీ చుట్టింది. మళ్లీ నాలుగు వేళ్లే. ఆమె దారం చుట్టి పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆ నాలుగు వేళ్లు మమ్మల్ని ఎందుకంత భయపెట్టాయో తెలియాలంటే అంతకు మూడేళ్ల ముందు సంగతి చెప్పాలి.

మాది మక్తల్ అవతల ఒక మెట్ట ఊరు. గొర్రెల మీదనే బతుకు. మా అత్త చూడిగొర్రె కడుపు కింద అరచెయ్యి పెట్టి లోపల పిల్ల ఎంతుందో చెప్తుంది. పెద్దదనిపిస్తే చివరి నెలలో ఆ గొర్రెను విడిగా కట్టేసి మేత తగ్గిస్తుంది. పిల్ల అడ్డం పడకుండా ఈనుతుంది. చుట్టుపక్కల మందలవాళ్లు ఆమెను పిలుచుకుపోయేవాళ్లు. ఆమె మాట తప్పడం నేను చూడలేదు. ఇంటి ఆడవాళ్లకూ ఆమెది ఇంచుమించు అదే పద్ధతి. ఎనిమిదో నెలలో ఉన్ని దారంతో కడుపు కొలిచి, సరిగ్గా కొలతకు తెంపి దాచిపెడుతుంది. కాన్పయ్యాక ఆ దారాన్నే బిడ్డకు మొలతాడుగా కడుతుంది.

నా మొదటి కాన్పుకూ అలాగే తెంపి పెట్టింది. రెండు రోజులు నొప్పులు పడ్డాను. మంత్రసాని తన వల్ల కాదంది. ఎడ్లబండిలో మక్తల్, అక్కడి నుంచి బస్సులో పాలమూరు పెద్ద దవాఖాన. అక్కడ ఫోర్సెప్స్ వేసి తీశారు. మగపిల్లవాడు. తొమ్మిది పౌండ్లు. ఊపిరి లేదు. "బేబీ పెద్దది, హెడ్ ఇరుక్కుపోయింది. ఈసారి ఎనిమిదో నెలలోనే రండి, చూస్తాం. అవసరమైతే ఆపరేషన్ చేసి తీస్తాం" అన్నది అప్పటి డాక్టరమ్మ. మేము ఇంటికి తెచ్చుకున్నది అందులో రెండే మాటలు: పెద్దది, ఆపరేషన్. ముందే రమ్మన్న మాట దవాఖాన గడప దగ్గరే వదిలేసి వచ్చాం.

ఇంటికి వచ్చాక మా అత్త పురుటి బట్టలన్నీ ఉడకబెట్టింది. తెంపి పెట్టిన దారం ఉంది, కట్టడానికి బిడ్డ లేడు. దాన్ని కూడా వేడినీళ్లలో వేసి, కుంకుడు రసం పోసి, పిసికి పిసికి ఉతికింది. "పీడ పోవాలె" అంది. కంప మీద ఆరేసి, చుట్టి, చూరులో దాచింది. నేను మంచం మీద పడుకొని అదంతా చూస్తూనే ఉన్నాను.

రెండోసారి నా కడుపుకు చాలనిది ఆ దారమే. తొమ్మిది పౌండ్ల పిల్లవాడప్పుడు సరిపోయిన దారం ఇప్పుడు నాలుగు వేళ్లు తక్కువైంది. ఇక మాకు వేరే లెక్క అక్కరలేకపోయింది. మా అత్త కడుపు మీద చెయ్యి పెట్టి కూడా చూసింది. "పెద్దగనే ఉన్నది" అంది. దారం చెప్పాక చెయ్యి కూడా అదే చెప్పింది.

"ఇగ పొద్దుగాల ఒక్క రొట్టె, పొద్దుమీకి అంబలి. గంతే బిడ్డా. నీకు కష్టమే గని, మల్ల గా బాధ పడొద్దు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఆమెను రాక్షసి అనుకునేవాళ్లు ఈ మాట మరచిపోవద్దు.

ఇక నా సంగతి. నేను ఐదో తరగతి దాకా చదివిన మనిషిని. ఊళ్లో అందరికీ ఉత్తరాలు చదివిపెట్టేదాన్ని. ఆ చదువంతా ఏ గంగలో కలిసిందో కాని, మా అత్త ఒక రొట్టె పెడితే నేను అందులో సగమే తినేదాన్ని. మిగతా సగం కుక్కకు వేసేదాన్ని. ఆమెకు తెలియదు. నేను కూడా బిడ్డ చిన్నగా రావాలనే కోరుకున్నాను, ఆమెకంటే ఎక్కువ కోరుకున్నాను. మొదటిసారి నొప్పులు పడింది నేను కదా.

నా భర్త ఎండాకాలమని మందతో కృష్ణ ఒడ్డుకు వలసపోయాడు. దవాఖానకు ఆయన వచ్చాక పోదాంలే అనుకున్నాం. మూడు వారాలు గడిచాయి. నిలబడితే కళ్లు తిరిగేవి. పాదాలు వాచాయి. అన్నిటికంటే నన్ను భయపెట్టింది కడుపులో కదలిక తగ్గడం. ఒకరోజు పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా చెయ్యి పెట్టుకొని కూర్చుంటే రెండేసార్లు కదిలింది. మా అత్తకు చెప్పాను.

"పెద్ద పిల్ల. కదలనీకె జాగ లేదు లోపల" అంది. నాకూ నిజమే అనిపించింది.

ఆ వారంలోనే నా భర్త జొన్నలు తీసుకుపోదామని ఇంటికి వచ్చాడు. నన్ను చూసి గడపలోనే ఆగిపోయాడు.

"గిట్లయినవేంది? మొకంల నెత్తురు సుక్క లేదు."

"పెద్ద బిడ్డ కొడుకా. తిండి తగ్గిచ్చిన" అంది మా అత్త.

"నేను దవాఖానకు తీస్కపోత."

"ఆపరేషన్ జేస్తరు. కోస్తరు."

"కోస్తె కోయనియ్" అన్నాడు. ఆయన తల్లి మాటకు అడ్డం చెప్పడం అదే మొదటిసారి.

దవాఖానలో ఈసారి వేరే డాక్టరమ్మ ఉంది. కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడేది. కడుపు మీద చేతులు పెట్టి చూసింది. టేపు పెట్టి కొలిచింది. చెక్కగొట్టం ఆనించి బిడ్డ గుండె చప్పుడు చాలాసేపు విన్నది. "ఫీటల్ హార్ట్ ఉంది" అని నర్సుతో చెప్పి, నా వైపు తిరిగింది.

"ఎన్నో నెల అన్నావు?"

"తొమ్మిది పడి నాలుగు దినాలయింది."

"ఏడు నెలల కడుపులా ఉందమ్మా."

"పెద్ద బిడ్డ అని మా అత్త కొలిచింది."

"దేంతో కొలిచింది?"

"దారంతోటి."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కోపమైనా వచ్చేది. "నేను కొలిచింది కూడా దారం లాంటి దానితోనే. లోపలున్న బిడ్డను ఎవరూ తూకం వేయలేరు. మాది కూడా అంచనాయే, ఒకటి రెండు పౌండ్లు అటూ ఇటూ మేమూ తప్పుతాం. కానీ ఇది పెద్ద బేబీ కాదు. చాలా చిన్నది. నువ్వు ఏం తింటున్నావు?" అంది. ఒక రొట్టె, అంబలి అని చెప్పాను. సగం రొట్టె సంగతి చెప్పలేదు.

రక్తం తీశారు. "సివియర్ ఎనీమియా" అన్నారు, ఒంట్లో రక్తం బాగా తక్కువని. యూరిన్ టెస్ట్‌లో షుగర్ లేదన్నారు, అది ఉంటే బిడ్డ పెద్దదవుతుందట. అడ్మిట్ చేసుకొని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పొద్దున పాలు, గుడ్డు, రెండు పూటలా అన్నం. రెండు మూడు వారాలు మంచం మీదే ఉండి బాగా తింటే బేబీ కొంచెమైనా బరువు పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది.

ఇప్పుడు చెప్పబోయేది నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. నేను ఆ గుడ్డు తినలేదు. మూడు రోజులు పక్క మంచం ఆమెకు ఇచ్చాను. అన్నం సగం వదిలేశాను. తన అంచనా తప్పవచ్చని డాక్టరమ్మ తన నోటితోనే చెప్పింది కదా, నేను ఆ ఒక్క మాట పట్టుకున్నాను. మా అత్త చెయ్యి ఎన్నడూ తప్పలేదు. ఒకవేళ డాక్టరమ్మే తప్పితే, తిని తిని నేనే బిడ్డను పెంచి, నేనే చంపుకుంటానేమో అనుకున్నాను.

నాలుగో రోజు నల్లగొండ వైపు నుంచి వచ్చిన సిస్టర్ అది చూసింది. గుడ్డు తెచ్చి నా చేతిలో పెట్టి మంచం పక్కనే నిలబడ్డది.

"నీ గుడ్డు ఆమె తింటాంది. మరి నీ బిడ్డ ఏం తింటది?" అంది.

ఆ రోజు తిన్నాను. తింటూ ఏడ్చాను. మర్నాడూ తిన్నాను. కడుపులో కదలిక కాస్త పెరిగినట్టు అనిపించింది. ఆ రెండు రోజులే ఆ కాన్పంతటిలో నాకు ఆశ ఉన్న రోజులు. మూడో రోజు పొద్దున నొప్పులు మొదలయ్యాయి.

కాన్పు సులువుగా అయిపోయింది. నొప్పులు మొదలైన రెండు గంటల్లో బిడ్డ బయటికి వచ్చింది. ఫోర్సెప్స్ లేవు, ఆపరేషన్ లేదు, ఒక కుట్టు కూడా పడలేదు. మేము కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. ఆడపిల్ల. మూడున్నర పౌండ్లు. ఏడుపు పిల్లికూన కూతంత కూడా లేదు.

మా అత్త మర్నాడు బస్సులో వచ్చింది. దూదిలో చుట్టిన బిడ్డను చూసి "ఇంతేనా" అని ఒక్క మాట అని కూర్చుండిపోయింది. తర్వాత కొంగు ముడి విప్పి దారం తీసి మొలకు కట్టింది. మా ఇంటి పిల్లలకు రెండు చుట్లు మామూలు. ఈ బిడ్డకు మూడు చుట్లు వచ్చి ఇంకా కొస మిగిలింది. నా కడుపుకు చాలని దారం అది.

బిడ్డ పదకొండు రోజులు ఉంది. చన్ను పట్టే బలం లేదు. పాలు పిండి ఫిల్లర్‌తో చుక్క చుక్క పోశాం. ఒంట్లో వేడి నిలిచేది కాదు. సీసాల్లో వేడినీళ్లు నింపి గుడ్డలు చుట్టి రెండు పక్కలా పెట్టేవాళ్లు. ఏడో రోజు జాండిస్ అన్నారు. పదో రోజు పెదాలు నీలంగా మారాయి. పదకొండో రోజు మధ్యాహ్నం మా అత్త ఒడిలో ఉండగా ఊపిరి ఆగింది. మా అత్తకు తెలుసు, అయినా చాలాసేపు ఊపుతూనే ఉంది. దారం విప్పకుండానే పూడ్చిపెట్టాం.

"తిండి తగ్గించినందుకేనా అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను. "నూటికి నూరు పాళ్లు అదే అని నేను చెప్పలేను. బరువుంటే బతికే బలం ఉండేది" అంది. ఆమె దయతో అన్నదని తెలుసు. ఆ దయ నాకు ఎందుకూ పనికిరాలేదు. కుక్కకు వేసిన సగం రొట్టెలు నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

నాకు తర్వాత జ్వరం పట్టింది. ఒళ్లు ఉబ్బింది. ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగాను. మనిషిగా లేచి నడిచాను కాని, నడవాలని ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక వానాకాలం నా భర్త కొత్త గొంగడి కప్పుకొని తడిసి ఇంటికి వచ్చాడు. మా అత్త దాన్ని ఆరేసి, ఎండాక మడత పెడుతూ గొణిగింది. "కొత్తది. బెత్తెడు గుంజుకపోయింది సూడు." అని, అక్కడే ఆగిపోయింది. నేను పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తాను. ఇద్దరం చూరు వైపు చూశాం.

ఆమె లేచి కదురు తీసింది. రెండు దారాలు ఒకే కొలతకు తెంపింది. ఒకదాన్ని వేడినీళ్లలో, కుంకుడు రసంలో పిసికి పిసికి ఉతికి కంప మీద ఆరేసింది. సాయంత్రం రెండింటినీ నేల మీద పక్కపక్కన పరిచింది. ఉతికిన దారం చిన్నదైంది. ఆమె నాలుగు వేళ్లు ఆ సందులో పెట్టి చూసింది. సరిగ్గా పట్టాయి.

పుట్టినప్పటి నుంచి ఉన్నిలో చేతులు పెట్టి బతికిన మనిషి ఆమె. వేడినీళ్లకు ఉన్ని గుంజుకుంటుందని మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. నేను మంచం మీద పడుకొని కళ్లారా చూశాను కూడా. నా కడుపు మొదటిసారి కంటే పెద్దది కానే కాదు. ఆమెను తిట్టాలంటే ఏమని తిట్టను? పీడ పోవాలని ఉతికింది. నాకు బాధ తప్పాలని కొలిచింది. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి ముట్టించలేదు.

ఇదంతా జరిగి ఆరేళ్లయింది. నాకు మళ్లీ కడుపు పండలేదు. మందను చూసుకుంటాం, ఉన్ని వడుకుతాం. మా అత్త చూడిగొర్రెల కడుపు కింద చెయ్యి పెట్టడం మానేసింది. ఎవరు పిలిచినా పోదు. నా ఒంట్లో రక్తం ఇప్పుడు సరిగానే ఉందని దవాఖానలో చెప్తారు. ఒంటి సంగతి వరకే వాళ్లు చెప్పగలరు.

మొన్న మా ఆడబిడ్డ కూతురు ఎనిమిదో నెలతో వచ్చింది. "అమ్మమ్మా, పెద్దగున్నదంటుండ్రు అందరు. జర కొలువు" అంది. మా అత్త దారం తియ్యలేదు. కంచంలో రెండు రొట్టెలు, పప్పు పెట్టి ఆ పిల్ల ముందర కూర్చుంది. ఆ పిల్ల ఒక రొట్టె తిని చాలంటే, "రెండోది గుడ తిను. తినేదాంక నేను లేవ" అంది. తిన్నాక నేనే ఆ పిల్లను బస్సెక్కించి పాలమూరు తీసుకుపోయాను.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కడుపులో బిడ్డ పెద్దదని అత్త చెప్పినా, మంత్రసాని చెప్పినా, డాక్టరే చెప్పినా, తినే కంచంలో ఒక్క ముద్ద కూడా తగ్గించకండి. ఎనిమిదో నెలలో దవాఖానకు పోయి చూపించుకోండి. బిడ్డ పెద్దదైతే వాళ్ల దగ్గర ఆపరేషన్ ఉంది. నా బిడ్డ చిన్నదైంది, దానికి ఎవరి దగ్గరా ఏమీ లేకపోయింది.