వెయ్యిన్నొకటి

నా చిన్నప్పుడు భాగహారమంటే నాకు వణుకు. మా ఊరు శింగనమలకు దగ్గర. ఆరో తరగతిలో, మూడు నెలల పరీక్షలో లెక్కలు తప్పాను. మా నాయన ఒక్క మాటలో తేల్చేశాడు. "లెక్క రానిదానికి బడెందుకు? రేపట్నుంచి చెనిక్కాయ చేలో కలుపుకు రా."

ఆ సాయంత్రం పక్కింటి అక్క దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె పదో తరగతి దాకా చదివి, ఇంట్లోనే మిషను కుట్టేది. నన్ను ఓదార్చలేదు. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క చేతికిచ్చి, ఏదైనా మూడంకెల సంఖ్య అనుకుని, దాన్నే రెండుసార్లు పక్కపక్కన రాయమంది. అరుగు మీది నల్లబండపై 358358 అని రాశాను. మూడు లక్షల పైచిలుకు సంఖ్య, చదవడానికే నోరు తిరగలేదు.

"ఏడుతో భాగించు. శేషం రాదు," అంది.

చాలాసేపు పట్టింది గానీ నిజంగానే రాలేదు. వచ్చినదాన్ని పదకొండుతో, ఆ వచ్చినదాన్ని పదమూడుతో భాగించమంది. అప్పుడూ శేషం లేదు. చివరికి తేలిన సంఖ్య చూసి లేచి నిలబడ్డాను. 358. నేననుకున్నదే. ఇంకొకటి చేశాను, మరొకటి చేశాను. బండలన్నీ తెల్లబడ్డాయి. నేను భాగహారాలు చేస్తున్నానన్న సంగతే మరిచిపోయాను.

అంతలో మా నాయన వచ్చాడు. అంకెలు చూసి, "ఏమ్మా, మా పాపకు గారడీ నేర్పిస్తాండావా?" అన్నాడు.

"గారడీ కాదు చిన్నాయనా. ఎందుకట్ల వస్తాదో పాపే చెప్తాది," అని అక్క సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చుంది.

నాకు తెలియదు. అక్క వైపు చూస్తే తలెత్తలేదు. నాయన కదలలేదు. ఏం చేయాలో తోచక ఆ మూడు సంఖ్యలనూ గుణించాను. ఏడు పదకొండ్లు డెబ్బై ఏడు. దాన్ని పదమూడుతో గుణిస్తే వెయ్యిన్నొకటి. వెయ్యి సార్లు 358 అంటే 358 వేలు. ఇంకొక్కసారి కలిపితే, దాని పక్కనే మరో 358.

"నాయనా, రెండుసార్లు రాస్తే వెయ్యిన్నొకటితో గుణించినట్లే. ఈ మూడిటితో భాగిస్తే, ఆ వెయ్యిన్నొకటి పోయి మొదటిది మిగుల్తాది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నాయన నమ్మలేదు. తనే 640 అని చెప్పి, పక్కన కూర్చుని చేయించాడు. 640 తేలాక లేచి పంచె దులుపుకున్నాడు. "కలుపు నేనూ మీయమ్మా తీసుకుంటాంలే. నువ్వు బడికి పో."

అప్పుడు నవ్వింది అక్క.

ఆ తర్వాత నాకు లెక్కల్లో గొప్ప మార్కులేమీ రాలేదు గానీ, మళ్లీ తప్పలేదు. పెద్ద సంఖ్య కనబడితే భయపడటం పోయి, దాని లోపల ఏమేం దాగున్నాయో చూడాలన్న కుతూహలం మిగిలింది. అంతకంటే ఎక్కువగా నాలో మిగిలింది అక్క మౌనం. జవాబు ఆమెకు తెలుసు. తనే చెప్పి ఉంటే నాయన ఆమెను మెచ్చుకుని, నన్ను చేనికి తీసుకుపోయేవాడు. ఇప్పుడు మా మనవరాలు లెక్క మధ్యలో ఆగి నా ముఖం చూస్తే, జవాబు నా నాలుక చివరిదాకా వస్తుంది. పెదవి బిగపట్టుకుని కూర్చుంటాను. అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండని అక్క ఆ రోజు ఎట్లా ఆపుకుందో అనుకుంటాను.