తడబడితే మొదటి నుంచి

ఏనుగుల సంరక్షణ కేంద్రంలో సేవ చేయడానికి అడవికి వచ్చిన ఆ రిటైరైన లెక్కల టీచరు, పొద్దున్నే కొంగు బిగించి గుమ్మడికాయల్ని కొలిచినట్టు సమానంగా ముక్కలు కోసేది. ముప్పై ఏళ్లు బడిని హడలగొట్టిన మనిషి. ఎక్కం చెబుతూ ఎవరైనా తడబడితే మొదటి నుంచి, అంటే రెండో ఎక్కం నుంచి, చెప్పించేది. చెల్లెలు ఫోన్ చేసి "భయమేస్తే వచ్చెయ్యవే అక్కా" అంటే, "భయమా? నాకా?" అని కసిరేది. ముక్కల బకెట్ ఎత్తేటప్పుడు మాత్రం దాని పిడి టకటకలాడేది.

అక్కడి ముసలి ఏనుగుకు చూపు లేదు. దాన్ని పెద్దమ్మ అనేవారు. దగ్గరికి వెళ్లేవాళ్లు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి, లేకపోతే అది బెదిరిపోతుంది. ఒక రోజు టీచరు బకెట్ పట్టుకుని సగం దూరం వెళ్లేసరికి ఎక్కడో కొమ్మ ఫెళ్లున విరిగింది. ఆమె మాట ఆగిపోయింది. పెద్దమ్మ చెవులు విప్పార్చి, తొండం ఎత్తి ఒక అడుగు ముందుకేసింది.

"మాట్లాడండి టీచరు గారూ! ఏదో ఒకటి!" కంచె అవతలి నుంచి మావటి కేకపెట్టాడు.

"పదమూడు ఒకట్ల పదమూడు," అంది టీచరు. "పదమూడు రెళ్లు ఇరవై ఆరు."

చెవులు వాలాయి. తొండం తడుముకుంటూ వచ్చి ఒక ముక్క అందుకుంది. ఆమె ఊపిరి కోసం ఆగితే చెవులు మళ్లీ లేచాయి.

"ఆపకండి!" అన్నాడు మావటి.

పద్నాలుగు, పదిహేను, పదహారు ఎక్కాలు అయ్యాయి. బకెట్లో ఇంకా సగం ముక్కలున్నాయి. పంతొమ్మిది ఎనిమిదుల దగ్గర తడబడింది. తొండం ఆమె మొహానికి జానెడు దూరంలో ఆగింది. టీచరు శిక్ష పడిన పిల్లలా నిటారుగా నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని మొదటి నుంచి అందుకుంది.

"రెండు ఒకట్ల రెండు."